పాత్రలో లీనమైన నటుడు: ఎస్.వి. రంగారావు నటనావైవిధ్యం – చారిత్రక పరిశీలన (1947–1974)

వ్యాససంగ్రహం:

తెలుగు సినిమా చరిత్ర ఎక్కువగా కథానాయకుల పేర్ల చుట్టూ, నిర్మాణసంస్థల పేర్ల చుట్టూ రచింపబడింది. కథానాయకుడు కాకుండానే చిత్రానికి కేంద్రంగా నిలిచిన నటుల కృషి ఆ చరిత్రలో ప్రశంసావాక్యాలకే పరిమితమైంది. ఒకదానితో ఒకటి పోలికలేని పాత్రలలో లీనమై, ముందు పాత్ర జాడను తరువాతి పాత్రలో కనిపించనీయని నటుడిగా సామర్ల వెంకట రంగారావు (1918–1974) ప్రసిద్ధుడు. ఆయన పోషించిన ప్రధాన పాత్రలను చతుర్విధాభినయాల ఆధారంగా పరిశీలించి, ఆ వైవిధ్యానికి తోడ్పడిన చారిత్రక పరిస్థితులను నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఎస్.వి. రంగారావు, గుణచిత్రనటన, చతుర్విధాభినయాలు, లోకధర్మి, నాట్యధర్మి, పౌరాణిక చిత్రాలు, విజయా సంస్థ.

1. ఉపోద్ఘాతం:

నటుడు పాత్రలో 'జీవించాడు' అనడం తెలుగు సినీవిమర్శలో తరచుగా వినిపించే మాట. ఆ మాటకు కచ్చితమైన అర్థం ఏమిటన్న ప్రశ్న మాత్రం అరుదుగా ఉదయించింది. వేషం మార్చుకోవడం వేరు, పాత్రలో లీనం కావడం వేరు. 1966లో వచ్చిన 'నవరాత్రి' చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు తొమ్మిది పాత్రలు ధరించారు. 1977లో వచ్చిన 'దానవీరశూర కర్ణ' చిత్రంలో నందమూరి తారక రామారావు కృష్ణుడుగా, కర్ణుడుగా, దుర్యోధనుడుగా కనిపించారు. ఇవి సామాన్యమైన సాధనలు కావు. అయితే అటువంటి చిత్రాలలో ప్రేక్షకుడు పొందే ఆనందానికి మూలం, ఇన్ని వేషాలలోనూ ఉన్నది తన అభిమాన నటుడొక్కడే అన్న ఎరుక. ఆ ఎరుక చెరిగిపోతే చిత్రం ఉద్దేశమే దెబ్బతింటుంది. అక్కడ వైవిధ్యం నటుణ్ణి మరింత స్పష్టంగా చూపడానికి ఉపకరిస్తుంది.

గుణచిత్రనటుడి స్థితి దీనికి భిన్నం. అతడు కథకు అవసరమైన మనిషిగా మాత్రమే తెరపైకి వస్తాడు. ప్రేక్షకుడు అతణ్ణి మరచి పాత్రను నమ్మినప్పుడే కథ నడుస్తుంది. తెలుగులో ఈ మార్గానికి ఎస్.వి. రంగారావు ప్రధాన ఉదాహరణ. ఇక్కడ ఒక చిక్కు ఉంది. భారీ విగ్రహం, విశాలమైన కళ్లు, గంభీరమైన కంఠం గల ఆయనను ఏ వేషంలోనైనా గుర్తుపట్టడం సులభం. దాచుకోవడానికి వీలులేని ఆకారం గల నటుడు పాత్రలో ఎలా అదృశ్యమయ్యాడన్నది ఈ పరిశీలనకు మూలప్రశ్న.

2. రంగస్థల నేపథ్యం, తొలి చిత్రం:

రంగారావు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించారు. బాల్యంలో కొంతభాగం మద్రాసులో గడిచింది. తరువాతి కాలంలో తెలుగు, తమిళ చిత్రాలు రెండింటిలోనూ సొంతగొంతుతో నటించగలగడానికి ఈ ద్విభాషా వాతావరణం తోడ్పడింది. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో పాల్గొన్నారు. అంజలీదేవి, ఆదినారాయణరావు మొదలైనవారిని తెలుగు సినిమాకు అందించిన నాటకరంగం కాకినాడది. ఉద్యోగరీత్యా రంగారావు కొంతకాలం అగ్నిమాపకశాఖలో పనిచేశారు.

ఆ కాలపు తెలుగు నాటకరంగంలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి రాగప్రధానమైన పద్యనాటకం. ఇందులో నటుడి కీర్తి అతని గాత్రంపై ఆధారపడేది. రెండవది విద్యావంతులైన ఔత్సాహికుల వచననాటకం. ఇందులో మాట విరుపుకు, హావభావాలకు ప్రాధాన్యం. రంగారావు గాయకనటుడు కాదు. పద్యం పాడి మెప్పించే మార్గం లేనందువల్ల ఆయన దృష్టి వాచికంలోని ఇతరాంశాలపై, అంటే విరామం, స్వరస్థాయి, పదాన్ని పట్టి వదలడం వంటివాటిపై కేంద్రీకృతమైంది. నేపథ్యగానం స్థిరపడిన దశలో ఆయన సినిమాకు రావడం ఈ విధంగా కలిసివచ్చింది.

బి.వి. రామానందం దర్శకత్వంలో 1947లో విడుదలైన 'వరూధిని' ఆయన తొలిచిత్రం. అందులో ప్రవరుడి పాత్ర ధరించారు. చిత్రం విజయం సాధించలేదు. ఆ తరువాత రంగారావు జంషెడ్‌పూర్‌లోని టాటా సంస్థలో కొంతకాలం ఉద్యోగం చేశారు. కథానాయకుడిగా నిలదొక్కుకోలేకపోవడం ఆనాడు పరాజయమే. చారిత్రకంగా చూస్తే, ఒక నిర్దిష్టమైన నాయకప్రతిమకు కట్టుబడకుండా తిరిగి రావడానికి అదే అవకాశం కల్పించింది.

3. విజయా సంస్థ – వైవిధ్యానికి పునాది:

నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ తొలిచిత్రం 'షావుకారు' (1950). ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో రంగారావుది సున్నం రంగడనే పల్లెటూరి రౌడీ పాత్ర. మరుసటి ఏడు కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుడు. 1952లో 'పెళ్లిచేసి చూడు'లో ధూపాటి వియ్యన్న. 1955లో 'మిస్సమ్మ'లో అప్పాపురం జమీందారు గోపాలం. 1957లో 'మాయాబజార్'లో ఘటోత్కచుడు. ఒకే సంస్థ, దాదాపు ఒకే సాంకేతిక బృందం, ఏడేళ్ల వ్యవధి. ఈ ఐదు పాత్రలలో ఏ రెండింటికీ పోలిక లేదు.

ఈ వైవిధ్యం నటుడి ప్రతిభ ఒక్కదానివల్లనే రాలేదు. విజయా సంస్థలో కథ, సంభాషణలు చిత్రీకరణకు ముందే స్థిరపడేవి. కె.వి. రెడ్డి ప్రతి సన్నివేశం నిడివిని ముందుగానే లెక్కకట్టుకొనే దర్శకుడిగా ప్రసిద్ధుడు. పింగళి నాగేంద్రరావు రచనలో ప్రతి పాత్రకూ తనదైన పదజాలం ఉండేది. మాంత్రికుడు ఎదుటివాణ్ణి 'డింభకా' అని పిలిచే తీరు, రాక్షసులు 'అసమదీయులు' వంటి వింత పదాలను వాడే తీరు ఇందుకు నిదర్శనాలు. పాత్రకు ఒక ప్రత్యేకమైన భాష ముందుగా సిద్ధమై ఉన్నప్పుడు నటుడు దానికి తగిన గొంతును, నడకను వెతుక్కోగలడు. కనుక పాత్రలో లీనం కావడం నటుడి సాధనతోపాటు రచయిత, దర్శకుడు, రూపశిల్పి కలిసి కల్పించే అవకాశం కూడా.

వయస్సు విషయం కూడా గమనించదగినది. నేపాళ మాంత్రికుడిగా నటించేనాటికి రంగారావుకు ముప్పైమూడేళ్లు నిండలేదు. 'మిస్సమ్మ'లో పెళ్లీడుకు వచ్చిన కూతురి తండ్రిగా కనిపించేనాటికి నలభై రాలేదు. 'గుండమ్మ కథ' (1962)లో ఎన్.టి. రామారావు, నాగేశ్వరరావులకు తండ్రిగా నటించారు. వాస్తవానికి 1923లో జన్మించిన రామారావుకూ ఆయనకూ మధ్య ఐదేళ్లే తేడా. ఆనాటి ప్రేక్షకులకు ఈ సంగతి స్ఫురించకపోవడమే ఆయన ఆంగికాభినయానికి గీటురాయి.

4. చతుర్విధాభినయాల దృష్టితో పాత్రల పరిశీలన:

భరతుడు నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. ప్రయోగరీతిని లోకధర్మి, నాట్యధర్మి అని రెండుగా చెప్పాడు. లోకంలో మనుషులు ప్రవర్తించే తీరును అనుసరించేది లోకధర్మి. రంగస్థల సంప్రదాయాన్ని, సంకేతాలను అనుసరించేది నాట్యధర్మి. రంగారావు పాత్రలను ఈ వర్గీకరణతో పరిశీలిస్తే ఆయన పద్ధతి స్పష్టమవుతుంది.

4.1. నేపాళ మాంత్రికుడు:

'పాతాళభైరవి' కథకు మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' ప్రేరణ. పౌరాణిక పాత్రలకు పద్యనాటకం ఏర్పరచిన నమూనాలు ఉన్నాయి. జానపద మాంత్రికుడికి అంతటి స్థిరమైన నమూనా లేదు. ఆహార్యంలో గడ్డం, దుస్తులు సహకరించినా, ఆ పాత్ర ప్రాణమంతా వాచికంలో ఉంది. వాక్యాన్ని సాగదీసి, చివర ఒక్కసారిగా తెంచే పద్ధతి వినేవారిలో ఒకేసారి భయాన్నీ ఆకర్షణనూ కలిగిస్తుంది. సాహసవంతుణ్ణి బలి ఇవ్వడానికి వెతికే మాంత్రికుడు అతణ్ణి మెచ్చుకుంటూనే మృత్యువు వైపు నడిపిస్తాడు. ఆ మెప్పులోని తీపి కపటమని ప్రేక్షకుడికి తెలియాలి, కథలోని తోటరాముడికి తెలియకూడదు. ఒకే మాట ఇద్దరికి రెండు విధాలుగా వినిపించడం ఈ పాత్రలో ఆయన సాధించిన నైపుణ్యం.

4.2. కోటయ్య:

బి.ఎన్. రెడ్డి దర్శకత్వం వహించిన 'బంగారుపాప' (1955) జార్జ్ ఇలియట్ నవల 'సైలస్ మార్నర్' ఆధారంగా రూపొందింది. పాలగుమ్మి పద్మరాజు రచనలో పాలుపంచుకున్నారు. లోకంపై పగపట్టిన కోటయ్య అనే మనిషి, తనకు దొరికిన పసిపాప పెంపకంలో మెత్తబడడం ఇందులోని ప్రధానాంశం. మాంత్రికుడికి సహాయపడిన సాధనాలేవీ ఇక్కడ లేవు. అద్భుతమైన వేషం లేదు, చమత్కారమైన మాటలు లేవు. మార్పు మనసులో జరిగి ముఖంలో తెలియాలి. ఇది సాత్త్వికాభినయానికి పరీక్ష. పరుషమైన మనిషి ఒక్కసారిగా సాధువు కాకుండా, పాత కాఠిన్యం కొంత మిగిలి ఉండగానే వాత్సల్యం మొదలుకావడం ఈ నటనలోని సూక్ష్మం. రంగారావు లోకధర్మి నటనకు ఈ పాత్ర ఉత్తమ నిదర్శనం. పౌరాణిక పాత్రలకు దక్కిన ప్రచారం మాత్రం దీనికి దక్కలేదు.

4.3. ఘటోత్కచుడు:

శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు. జనశ్రుతి ద్వారా, నాటకం ద్వారా తెలుగువారికి దగ్గరైంది. సురభి నాటకసమాజాలు 'మాయాబజార్'ను ఎంతోకాలంగా ప్రదర్శిస్తూ వచ్చాయి. కనుక ఘటోత్కచుడి రూపం ప్రేక్షకుల ఊహలో ముందే ఉంది. రంగారావు గదను, గంభీరమైన నడకను ఆ సంప్రదాయం నుండి స్వీకరించారు. వాటికి బాలసహజమైన కుతూహలాన్ని జోడించారు. కొత్తమాట పుట్టించిన శిష్యుణ్ణి మెచ్చుకొనేటప్పుడు, పెళ్లివంటకాల ముందు కూర్చున్నప్పుడు ఆ రాక్షసరాజులో ఒక పెద్ద పసివాడు కనిపిస్తాడు. భయానకం హాస్యంగా మారినా పాత్ర గౌరవం తగ్గదు. మాధవపెద్ది సత్యం నేపథ్యగానం నటుడి కంఠంతో అతికినట్లు కుదరడంతో మాటకూ పాటకూ మధ్య తేడా తెలియదు.

ఈ చిత్రంలో మరొక విశేషం ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తరువాత ఆ పాత్రను నటించినది సావిత్రి. కోమలమైన శశిరేఖ దేహంలో ఘటోత్కచుడి నడక, చూపు, ధీమా కనిపించాలి. అంటే సావిత్రి అనుకరించవలసింది రంగారావు సృష్టించిన ఘటోత్కచుణ్ణి. ప్రేక్షకులు ఆమెలో అతణ్ణి వెంటనే గుర్తించగలిగారు. ఒక నటుడి పాత్రచిత్రణ మరొకరి దేహంలోకి బదిలీ చేయగలిగినంత స్పష్టంగా ఉందనడానికి ఇది సాక్ష్యం. రంగారావు ఆకారం లేకున్నా ఆయన ఘటోత్కచుడు నిలిచాడు. పాత్ర నటుడి ఆకారంపై మాత్రమే ఆధారపడలేదన్న విషయం ఇక్కడ రుజువవుతుంది.

4.4. కీచకుడు:

కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో 1963లో విడుదలైన 'నర్తనశాల' విరాటపర్వ కథ. సముద్రాల రాఘవాచార్య రచన. తిక్కన విరాటపర్వం ద్వారా కీచకుడు తెలుగు పాఠకులకు చిరపరిచితుడు. అతణ్ణి కేవలం కాముకుడిగా చూపితే పాత్ర వికృతమవుతుంది. రంగారావు అతణ్ణి ముందుగా మహావీరుడిగా, విరాటుని రాజ్యానికి అండగా నిలబెట్టారు. అడిగినది కాదనిపించుకోని అధికారం నుండే అతని కామం పుట్టినట్లు చూపారు. సైరంధ్రిని చూసినప్పటి నుండి ఆ వీరుడి నడకలో బిగువు సడలుతుంది, చూపు నిలకడ కోల్పోతుంది. నర్తనశాలకు చేరే రాత్రి అతనిలో మిగిలేది మోహం మాత్రమే. పతనాన్ని మెట్లుమెట్లుగా చూపడంవల్ల కీచకుడిపై అసహ్యంతోపాటు ఒక మహాబలుడు నశించాడన్న స్పృహ కూడా కలుగుతుంది.

ఘటోత్కచుడు, కీచకుడు ఇద్దరూ కిరీటధారులు, మహాబలులు. ఆహార్యంలో తేడా స్వల్పం. ఒకరి నవ్వు ఆహ్వానిస్తుంది, మరొకరి నవ్వు హెచ్చరిస్తుంది. ఒకరి కళ్లు ఆశ్చర్యంతో విచ్చుకుంటాయి, మరొకరి కళ్లు మదంతో అరమోడ్పులవుతాయి. కీచకుణ్ణి చూస్తున్న ప్రేక్షకుడికి ఘటోత్కచుడు గుర్తురాడు. ఉపోద్ఘాతంలోని ప్రశ్నకు సమాధానం ఇక్కడ లభిస్తుంది. రంగారావు తన ముఖాన్ని దాచలేదు, తన ముందు పాత్రను దాచారు. అదృశ్యమైనది నటుడి ఆకారం కాదు, అతని వెనుకటి పాత్రల జ్ఞాపకం.

4.5. ఇతర పాత్రలు:

'హరిశ్చంద్ర' (1956)లో సత్యం కోసం సర్వం వదులుకొన్న రాజు, 'అనార్కలి' (1955)లో అక్బరు, 'సతీసావిత్రి' (1957)లో యముడు, 'బొబ్బిలియుద్ధం' (1964)లో తాండ్ర పాపారాయుడు, 'పాండవ వనవాసం' (1965)లో దుర్యోధనుడు, 'భక్తప్రహ్లాద' (1967)లో హిరణ్యకశిపుడు ఆయన ఇతర ముఖ్యపాత్రలు. వీటిలో అక్బరు, హిరణ్యకశిపుడు ఇద్దరూ కన్నకొడుకులతో విభేదించిన చక్రవర్తులే. అక్బరులో రాజధర్మానికీ పుత్రప్రేమకూ నడుమ ఘర్షణ ఉంటుంది. హిరణ్యకశిపుడిలో ఆ ప్రేమే ఆగ్రహంగా మారుతుంది. కొడుకును శిక్షించడానికి ముందు బుజ్జగించే తండ్రి కనిపించడంవల్లనే ఆ దానవుడు మనిషిగా అర్థమవుతాడు. నాట్యధర్మి పాత్రలో లోకధర్మిని ప్రవేశపెట్టడం రంగారావు పౌరాణిక నటనకు మూలసూత్రంగా నిర్ధారించవచ్చు.

5. గుర్తింపు – సంస్థాగత పరిమితులు:

ఇండోనేషియా రాజధాని జకార్తాలో 1964లో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో కీచకపాత్రకు రంగారావు ఉత్తమనటుడిగా ఎంపికయ్యారు. ఇక్కడ కాలక్రమం ముఖ్యం. భారతప్రభుత్వ జాతీయ చలనచిత్ర పురస్కారాలు 1954లోనే మొదలైనప్పటికీ, వాటిలో నటులకు ప్రత్యేక పురస్కారం 1967 నాటి చిత్రాలతోనే ప్రారంభమైంది. సహాయనటుల విభాగం 1984 నాటి చిత్రాలతో ఏర్పడింది. అప్పటికి రంగారావు మరణించి పదేళ్లయింది. అంటే ఆయన అత్యుత్తమ కృషి వెలువడిన 1951–1963 మధ్యకాలంలో ఒక నటుణ్ణి గౌరవించే విభాగమే జాతీయస్థాయిలో లేదు. గుణచిత్రనటుణ్ణి గౌరవించే విభాగం ఆయన జీవితకాలంలో రానేలేదు. విదేశీ ఉత్సవం గుర్తించిన నటుణ్ణి స్వదేశం గుర్తించలేదన్న ఆవేదన తెలుగువారిలో తరచుగా వినిపిస్తుంది. అందులో న్యాయం ఉంది. అయితే దానికి వ్యక్తుల ఉపేక్ష ఒక్కటే కారణం కాదు, పురస్కారవ్యవస్థ నిర్మాణం కూడా కారణమే. పద్మ పురస్కారం ఆయనకు లభించలేదు. భారతీయ సినిమా శతాబ్ది సందర్భంగా 2013లో తపాలాశాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది.

రంగారావు దర్శకుడిగా 'చదరంగం' (1967), 'బాంధవ్యాలు' (1968) చిత్రాలను రూపొందించారు. 'బాంధవ్యాలు' ఉత్తమచిత్రంగా నంది పురస్కారం పొందింది.

6. వైవిధ్యానికి ఏర్పడిన హద్దులు:

ఈ పరిశీలన ప్రశంసతో ఆగిపోకూడదు. 1960ల నుండి సాంఘిక చిత్రాలలో రంగారావుకు ఎక్కువగా లభించినవి సంపన్నుడైన తండ్రి, కుటుంబపెద్ద, జమీందారు పాత్రలు. విజయవంతమైన పాత్రను నిర్మాతలు మళ్లీ మళ్లీ కోరడం సహజం. అటువంటి చిత్రాలలో కొన్నింటిలో పాత్రల మధ్య భేదం పలచబడింది. అయినా, దాసరి నారాయణరావు తొలిచిత్రం 'తాతామనవడు'లో కొడుకు నిరాదరణకు గురైన తాతగా ఆయన చూపిన దైన్యం, చివరిదశలోనూ ఆ శక్తి తగ్గలేదని నిరూపిస్తుంది. అధికారం చెలాయించిన ఎందరో తండ్రులను పోషించిన నటుడు, అధికారమంతా కోల్పోయిన వృద్ధుడిగా నమ్మించగలిగారు. 1974 జూలై 18న ఆయన మద్రాసులో మరణించారు.

ఆయన సమకాలికులలో గుమ్మడి వెంకటేశ్వరరావు 'మహామంత్రి తిమ్మరుసు' (1962) నుండి సాంఘిక చిత్రాల వరకు భిన్నపాత్రలు పోషించారు. సావిత్రి 'దేవదాసు' (1953) పార్వతి నుండి 'నర్తనశాల' సైరంధ్రి వరకు అదే మార్గంలో నడిచారు. 1970ల నాటికి పౌరాణిక, జానపద చిత్రాల నిర్మాణం తగ్గింది. నటుడికి విభిన్న ప్రక్రియలలో నటించే అవకాశమూ దానితోపాటు తగ్గింది. 1975లో 'ముత్యాలముగ్గు'లో రావు గోపాలరావు పోషించిన కాంట్రాక్టరు పాత్ర అపూర్వ విజయం సాధించింది. ఆ పాత్ర నీడ ఆయన తరువాతి పాత్రలపై చాలాకాలం పడింది. ఇది ఆ నటుడి లోపం కాదు, పరిశ్రమ ఒక సంభాషణరీతిని సరకుగా మార్చుకొన్న ఫలితం. 1980లలో కోట శ్రీనివాసరావు 'ప్రతిఘటన' (1985)లో తెలంగాణ మాండలికం మాట్లాడే రాజకీయనాయకుడిగా, 'అహ నా పెళ్లంట' (1987)లో పరమలోభిగా కనిపించి ఈ సంప్రదాయాన్ని మరొక దిశలో కొనసాగించారు. వేషానికి బదులు మాండలికం ఇక్కడ పాత్రభేదానికి ప్రధానసాధనమైంది.

7. ముగింపు:

పై పరిశీలన ద్వారా కింది అంశాలు తేలుతున్నాయి.

• ఎస్.వి. రంగారావు నటనావైవిధ్యం ఆహార్యభేదంపై ఆధారపడినది కాదు. సమానమైన ఆహార్యం గల ఘటోత్కచుడు, కీచకుడు పూర్తిగా భిన్నవ్యక్తులుగా నిలవడం దీనికి నిదర్శనం.

• పౌరాణికపాత్రలలో లోకసహజమైన మానవప్రవర్తనను ప్రవేశపెట్టడం ఆయన పద్ధతి. దీనివల్ల రాక్షసపాత్రలు కూడా ప్రేక్షకుల అవగాహనకు అందాయి.

• గాయకనటుడు కాకపోవడం, తొలిచిత్రం తరువాత నాయకప్రతిమకు దూరంగా ఉండడం ఆయనకు పరిమితులు కాలేదు. నేపథ్యగానం స్థిరపడడం, విజయా సంస్థ రచనాక్రమశిక్షణ వాటిని అవకాశాలుగా మార్చాయి.

• 1951–1963 మధ్య పౌరాణికం, జానపదం, సాంఘికం ఒకేసారి వర్ధిల్లడం ఇటువంటి నటుడికి క్షేత్రం కల్పించింది. ఆ ప్రక్రియలు సన్నగిల్లడంతో నటులను ఒకే మూసకు పరిమితం చేసే ధోరణి బలపడింది.

• గుణచిత్రనటులను గౌరవించే విభాగాలు ఆలస్యంగా ఏర్పడడంవల్ల ఆ తరం కృషి అధికారిక చరిత్రలో తగినంతగా నమోదు కాలేదు.

కథానాయకుల చరిత్రగా రచింపబడిన తెలుగు సినిమాచరిత్రను పాత్రల చరిత్రగా కూడా రచించవలసిన అవసరాన్ని రంగారావు నటజీవితం సూచిస్తుంది. నేపాళ మాంత్రికుడు, ఘటోత్కచుడు, కీచకుడు నేటికీ తెలుగువారి వాడుకలో సజీవమైన పేర్లు. ఆ పేర్లు విన్నప్పుడు ముందుగా పాత్ర, ఆ తరువాతే నటుడు స్ఫురించడం గుణచిత్రనటుడికి దక్కగల అత్యున్నత గౌరవం.